డీఎన్‌ఏ ముక్కల పొడవుల నుంచి రెస్ట్రిక్షన్ పటాన్ని ఎలా గీస్తారు?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ రెండో సంవత్సరం బయోటెక్నాలజీ చదువుతున్నాను. రెస్ట్రిక్షన్ ఎంజైములు డీఎన్‌ఏను ఎక్కడ పడితే అక్కడ కాకుండా తాము గుర్తుపట్టే వరుసల దగ్గర మాత్రమే కోస్తాయని ఇంటర్‌లోనే చదువుకున్నాను. ఎకోఆర్-1 అనే ఎంజైము జీ-ఏ-ఏ-టీ-టీ-సీ అనే క్షారాల వరుస కనిపించిన ప్రతిచోటా మొదటి జీకి, దాని పక్కనున్న ఏకి మధ్య కోస్తుంది. కోసిన ముక్కలను అగరోజ్ జెల్‌లో నడిపిస్తే చిన్న ముక్కలు ముందుకు వెళతాయి, పెద్దవి వెనక ఉండిపోతాయి. ఇంతవరకు నాకు అర్థమైంది.

నా సందేహం ఆ తరువాతి అడుగు గురించి. జెల్ మనకు చెప్పేది ముక్కల పొడవులు మాత్రమే. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో అది చెప్పదు. అయినా పుస్తకంలో ప్లాస్మిడ్ (బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) బొమ్మ గీసి, ఏ ఎంజైము ఎక్కడ కోస్తుందో గుర్తులు పెట్టి, దానిని రెస్ట్రిక్షన్ పటం అని తయారుగా ఇచ్చేశారు. డీఎన్‌ఏ క్షారాల వరుసను చదివే పద్ధతులు ఇంకా రాని రోజుల్లో కూడా ఈ పటాలు ఉండేవట. పొడవుల నుంచి వరుస ఎలా వచ్చిందో ఒక నిజమైన ఉదాహరణతో ఎవరైనా వివరించగలరా?

జన్యులిపి

కృష్ణాతీరం గారూ, మీరు అడిగినదే ఈ అంశంలో అసలైన ప్రశ్న. జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక ఎంజైముతో వరుస తెలియదు. రెండు ఎంజైములను విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి వాడి, వచ్చిన పొడవులను కూడికలు, తీసివేతలతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. అందుకు పీబీఆర్322 అనే ప్లాస్మిడ్‌ను తీసుకుందాం. బొలివర్, రోడ్రిగెజ్ తదితరులు 1977లో రూపొందించిన ఈ ప్లాస్మిడ్ 4,361 క్షార జతల వలయం. ఎకోఆర్-1, బామ్‌హెచ్-1, పీఎస్‌టీ-1 అనే మూడు ఎంజైములూ దీనిని ఒక్కొక్కచోట మాత్రమే కోస్తాయి. చేతి గాజు ఒక్కచోట విరిగితే రెండు ముక్కలు కాదు కదా. అలాగే ఈ మూడింటిలో ఏ ఒక్కదానితో కోసినా జెల్ మీద సుమారు 4.36 కిలోబేస్‌ల (కిలోబేస్ అంటే వెయ్యి క్షార జతలు) గీత ఒక్కటే కనిపిస్తుంది. దాని నుంచి మనకు తెలిసేది వలయం చుట్టుకొలత మాత్రమే.

ఇప్పుడు రెండేసి ఎంజైములను కలిపి కోయండి. ఎకోఆర్-1, బామ్‌హెచ్-1 కలిస్తే సుమారు 0.38, 3.98 కిలోబేస్‌ల ముక్కలు వస్తాయి. ఎకోఆర్-1, పీఎస్‌టీ-1 కలిస్తే 0.75, 3.61 వస్తాయి. బామ్‌హెచ్-1, పీఎస్‌టీ-1 కలిస్తే 1.13, 3.23 వస్తాయి. ప్రతి జంటలోనూ రెండు సంఖ్యల మొత్తం 4.36 అవుతుంది కాబట్టి ఏ ముక్కా మన కంటబడకుండా పోలేదని ముందుగా నిర్ధారించుకోవచ్చు. ఆ తరువాత మూడు చిన్న ముక్కలను చూడండి: 0.38కి 0.75 కలిపితే 1.13 అవుతుంది. అంటే పీఎస్‌టీ-1 నుంచి బామ్‌హెచ్-1కి దగ్గరి దారిలో వెళ్తే మధ్యలో ఎకోఆర్-1 తగులుతుంది. ఎకోఆర్-1 స్థానం ఆ రెండింటికీ అవతల ఉండి ఉంటే ఈ కూడిక కుదరదు. ఈ తర్కంతో మూడు స్థానాల వరుస, వాటి మధ్య దూరాలు తెలిసిపోయాయి.

మిగిలిన ఒక్క చిక్కు, ఈ పటాన్ని అద్దంలో చూసినా అవే పొడవులు వస్తాయి. వలయంలో ఎటువైపు నుంచి లెక్కపెట్టాలన్నది పొడవులు తేల్చలేవు. బామ్‌హెచ్-1 స్థానం టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువులోను, పీఎస్‌టీ-1 స్థానం ఆంపిసిలిన్ నిరోధక జన్యువులోను ఉన్నాయి కనుక, ఎకోఆర్-1 స్థానాన్ని సున్నాగా పెట్టుకొని టెట్రాసైక్లిన్ జన్యువు వైపు లెక్కించడమన్నది ఆ ప్లాస్మిడ్ విషయంలో అందరూ పాటించే ఏర్పాటు.

ఫాజ్‌మిత్ర

నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. జన్యులిపి గారి వివరణ చక్కగా ఉంది. అయితే ఇలాంటి పటం గీయవచ్చునన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా విద్యార్థులు తెలుసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ చరిత్రలోనే ఈ ఎంజైముల స్వభావం మొత్తం దాగి ఉంది.

1950ల మొదట్లోనే ఒక విచిత్రాన్ని గమనించారు. ఒక రకం ఈ. కోలై బాక్టీరియాలో పెరిగిన ఫాజ్‌ను, అంటే బాక్టీరియాకు సోకే వైరస్‌ను, మరో రకం మీదికి వదిలితే, దాదాపు అన్నీ నశించి ఏ పది వేలలో ఒకటో బతికి బయటపడేది. అలా బయటపడిన దాని సంతానం మాత్రం ఆ రెండో రకంలో హాయిగా పెరిగేది. మార్పు వంశపారంపర్యమైన ఉత్పరివర్తన కాదు, ఎందుకంటే ఫాజ్ తిరిగి మొదటి రకంలో పెరిగితే పాత స్వభావమే వచ్చేది. జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డెయిజీ డుస్వా 1962లో చూపించినదేమిటంటే, పరాయి ఫాజ్ డీఎన్‌ఏ బాక్టీరియాలోకి ప్రవేశించగానే ముక్కలైపోతుంది; ఆతిథ్యమిచ్చిన బాక్టీరియా తన ముద్ర వేసిన డీఎన్‌ఏ మాత్రం భద్రంగా ఉంటుంది. ఆ ముద్ర క్షారాలకు చేరే మిథైల్ గుంపు అయి ఉంటుందని ఆర్బర్ ఊహించారు. కోసే ఎంజైము, ముద్ర వేసే ఎంజైము ఒకే వరుసను గుర్తుపడతాయన్నది ఆ ఊహకు ప్రాణం.

1968లో హార్వర్డ్‌లో మెసెల్సన్, యువాన్ ఈ. కోలై కే రకం నుంచి అలాంటి ఎంజైమును శుద్ధి చేశారు. కాని అది పటం గీయడానికి పనికిరాదు. దానిని ఇప్పుడు మొదటి రకం ఎంజైమంటారు. అది తన వరుసను గుర్తుపట్టి, ఏటీపీ శక్తితో డీఎన్‌ఏను లాక్కుంటూ పోయి, అక్కడికి వేలాది క్షారాల దూరంలో ఎక్కడో కోస్తుంది. ప్రతి అణువులోనూ కోత వేరే చోట పడుతుంది కాబట్టి జెల్ మీద విడివిడి గీతలు రావు.

1970లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హామిల్టన్ స్మిత్, కెంట్ విల్కాక్స్ సాధించినది ఇందుకే పెద్ద మలుపు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బాక్టీరియా సారంలో పీ22 ఫాజ్ డీఎన్‌ఏ కలిపితే ద్రావణం చిక్కదనం వేగంగా తగ్గిపోయింది. అదే సారంలో హీమోఫిలస్ సొంత డీఎన్‌ఏ చిక్కదనం మాత్రం చెక్కుచెదరలేదు. పొడవైన అణువు ముక్కలైతేనే చిక్కదనం తగ్గుతుంది. ఆ సారం నుంచి వేరుచేసిన ఎంజైమే హిండ్-2. థామస్ కెల్లీతో కలిసి స్మిత్ దాని గుర్తింపు వరుసను కూడా తేల్చారు: జీ-టీ, తరువాత టీ లేదా సీ, ఆపైన ఏ లేదా జీ, చివరగా ఏ-సీ, కోత సరిగ్గా నట్టనడుమ పడుతుంది. తన వరుసలోనే, ప్రతి అణువులోనూ అదే చోట కోసే ఎంజైము దొరికిందంటే పటానికి కావలసిన పనిముట్టు దొరికినట్టే.

ఆ పనిముట్టును వెంటనే వాడుకొన్నది అదే విశ్వవిద్యాలయంలోని డానియెల్ నాథన్స్. ఈ ఎంజైము గురించి స్మిత్ రాసిన ఉత్తరం అందేనాటికి ఆయన ఇజ్రాయెల్‌లో ఉన్నారు. తిరిగి వచ్చాక విద్యార్థిని కాథలీన్ డానాతో కలిసి, ఎస్‌వీ40 అనే కోతి వైరస్ డీఎన్‌ఏను ఆ ఎంజైము నమూనాతో కోసి, 1971లో పదకొండు ముక్కలను జెల్ మీద వేరుచేసి చూపించారు. కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నే వారి ముందూ ఉంది: పదకొండు పొడవులు తెలుసు, వరుస తెలియదు. అసంపూర్ణంగా కోసిన పెద్ద ముక్కలను విడిగా తీసి, వాటిని మళ్లీ పూర్తిగా కోసి, ఏ పెద్ద ముక్కలో ఏయే చిన్న ముక్కలు పక్కపక్కన ఉన్నాయో పోల్చుకుంటూ, ఇతర ఎంజైములను కూడా వాడి 1973కల్లా వలయం మొత్తాన్ని అమర్చారు. ఎకోఆర్-1 ఎస్‌వీ40ని ఒక్కచోటే కోస్తుంది కనుక దానినే సున్నా స్థానంగా పెట్టుకొన్నారు.

నా దృష్టిలో అంతకంటే గొప్ప పని ఆ ముక్కలతో వారు 1972లో చేసినది. వైరస్ డీఎన్‌ఏ ప్రతికృతి జరుగుతుండగా రేడియోధార్మిక క్షారాన్ని కొద్దిసేపు మాత్రమే అందించి, అప్పుడే పూర్తయిన అణువులను కోసి, ఏ ముక్కలో ఎంత రేడియోధార్మికత ఉందో కొలిచారు. చివరగా తయారైన ముక్కలో ఎక్కువ, మొదట తయారైన ముక్కలో తక్కువ ఉంటుంది. ప్రతికృతి ఒకే చోట మొదలై రెండు వైపులా సాగుతుందని అలా తేలింది. పటం అంటే స్థానాల జాబితా మాత్రమే కాదనీ, జీవక్రియ ఎక్కడ మొదలవుతుందో అడగడానికి వీలిచ్చే ఆధారమనీ అప్పుడే రుజువైంది. ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకు 1978లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

కృష్ణాతీరం

మాస్టారూ, జన్యులిపి గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. 0.38, 0.75 కలిస్తే 1.13 అన్న దగ్గర నాకు విషయం తేటపడింది. రెండు ఉపప్రశ్నలు ఉన్నాయి. ఎకోఆర్-1 గుర్తించే వరుస రెండు పోగుల్లోనూ ఒకేలా చదవబడుతుందని, దానిని పాలిండ్రోమ్ అంటారని పుస్తకం చెబుతుంది. అలా ఉండవలసిన అవసరం ఎంజైముకు ఏమిటి? రెండోది, మిథైల్ ముద్ర నిజ ప్రయోగాల్లో మన పటాన్ని ఎప్పుడైనా తారుమారు చేస్తుందా?

జన్యులిపి

మొదటి ప్రశ్నకు జవాబు ఎంజైము ఆకారంలో ఉంది. ఎకోఆర్-1 ఒకేలాంటి రెండు ఉపభాగాలు జతకూడిన ప్రొటీను. ఒక్కొక్క ఉపభాగం గుర్తింపు వరుసలో ఒక్కో సగాన్ని పట్టుకొని ఒక్కో పోగును కోస్తుంది. రెండు ఉపభాగాలూ ఒకటే కనుక, ఎదురెదురుగా నిలిచినప్పుడు అవి చదివే రెండు సగాలూ ఒకటే కావాలి. కోతలు రెండూ వరుస మధ్యకు అటూ ఇటూ పడితే ఏ-ఏ-టీ-టీ అనే నాలుగు క్షారాల ఒంటిపోగు కొనలు మిగులుతాయి; అవే అతుక్కునే కొనలు. ఎకోఆర్-5 లాంటివి నడిమధ్యన కోసి మొద్దు కొనలను మిగులుస్తాయి. కోతకు మెగ్నీషియం అయాను తప్పనిసరి. అందుకే కోత ఆపాలనుకున్నప్పుడు మెగ్నీషియాన్ని బంధించే ఈడీటీఏ కలుపుతాము. అన్ని ఎంజైములూ ఇలాగే ఉంటాయనుకోకూడదు. ఫాక్-1 పాలిండ్రోమ్ కాని జీ-జీ-ఏ-టీ-జీని గుర్తుపట్టి, ఒక పోగులో 9, రెండో పోగులో 13 క్షారాల అవతల కోస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు: తప్పకుండా చేస్తుంది. మనం ప్లాస్మిడ్లను పెంచే చాలా ఈ. కోలై రకాల్లో డామ్ అనే మిథైల్ ఎంజైము ఉంటుంది. అది జీ-ఏ-టీ-సీ వరుసలోని ఏ మీద మిథైల్ గుంపు చేరుస్తుంది. ఎక్స్‌బా-1 గుర్తించే టీ-సీ-టీ-ఏ-జీ-ఏ వరుసకు ముందు జీ-ఏ గాని, తరువాత టీ-సీ గాని వస్తే అక్కడ జీ-ఏ-టీ-సీ ఏర్పడుతుంది. అప్పుడు స్థానం ఉన్నా కోత పడదు. క్షారాల వరుస చూస్తే రెండు ఎక్స్‌బా-1 స్థానాలుండి, జెల్ మీద ఒక్క కోతే కనిపించినప్పుడు మొదట అనుమానించవలసింది దీనినే. డామ్ లేని రకంలో ప్లాస్మిడ్‌ను పెంచి మళ్లీ కోస్తే సంగతి తేలిపోతుంది. ఇదే గుణాన్ని ఉపయోగానికీ మలచుకోవచ్చు: సీ-సీ-జీ-జీ వరుసలో లోపలి సీ మీద మిథైల్ ఉంటే హెచ్‌పీఏ-2 కోయలేదు, ఎంఎస్‌పీ-1 కోస్తుంది. ఒకే డీఎన్‌ఏను రెండింటితో విడివిడిగా కోసి పోలిస్తే మిథైల్ ఎక్కడ ఉందో పటంలోనే గుర్తించవచ్చు.

అగరోజ్

నేను ఒక పరిశోధన సంస్థలో ప్రయోగశాల సహాయకుడిగా పనిచేస్తున్నాను, జెల్‌లు నడపడమే నా నిత్యకృత్యం. కృష్ణాతీరం గారికి ఉత్సాహం ఉన్నట్టు కనిపిస్తోంది కనుక లాంబ్డా ఫాజ్ డీఎన్‌ఏతో ఒక అభ్యాసం ఇస్తాను. దానికి ముందు జెల్ చదివేటప్పుడు కళ్లు ఎక్కడ మోసపోతాయో చెప్పాలి, ఎందుకంటే కాగితం మీద కుదిరే కూడికలు జెల్ మీద అంత సులువుగా కుదరవు.

లాంబ్డా డీఎన్‌ఏ 48,502 క్షార జతల సరళ అణువు. దానిని హిండ్-3 ఏడు చోట్ల కోసి ఎనిమిది ముక్కలు చేస్తుంది: 23,130, 9,416, 6,557, 4,361, 2,322, 2,027, 564, 125. మేమందరం కొలబద్దగా వాడేది ఈ ముక్కలనే. 500 నానోగ్రాముల డీఎన్‌ఏ జెల్‌లో వేస్తే అన్ని ముక్కల సంఖ్యా సమానమే అయినా, 23,130 గీతలో సుమారు 238 నానోగ్రాములు, 564 గీతలో 6 నానోగ్రాముల లోపు, 125 గీతలో ఒకటిన్నర నానోగ్రాములకన్నా తక్కువ ఉంటుంది. రంగు డీఎన్‌ఏ పరిమాణాన్ని బట్టి మెరుస్తుంది కాబట్టి చివరి ముక్క చాలాసార్లు కనిపించనే కనిపించదు. పీబీఆర్322 పొడవు కూడా 4,361 అవడం కేవలం యాదృచ్ఛికమే గాని, ఒక్కచోట కోసిన పీబీఆర్322 ఈ కొలబద్దలోని నాలుగో గీత పక్కనే వచ్చి నిలబడటం మాకు చాలా ఉపకరిస్తుంది.

ముక్కల పొడవుల మొత్తం తక్కువ వస్తే రెండు కారణాలు వెతకాలి: చిన్న ముక్క కనబడలేదా, లేక ఒకే పొడవున్న రెండు ముక్కలు ఒకే గీతలో కలిసిపోయాయా. తన పొడవుకు ఉండవలసిన దానికన్నా మెరుపు ఎక్కువగా ఉన్న గీత రెండోదానిని పట్టిస్తుంది. మొత్తం ఎక్కువ వస్తే కోత అసంపూర్ణంగా జరిగి ఉంటుంది. ఎంజైము గ్లిసరాల్‌లో నిలవ ఉంటుంది. దానిని మితిమీరి కలిపి గ్లిసరాల్ 5 శాతం దాటితే కొన్ని ఎంజైములు తమ వరుసను పోలిన ఇతర వరుసల్లో కూడా కోస్తాయి. అందుకే చర్య మిశ్రమంలో ఎంజైము ఘనపరిమాణం పదో వంతుకు మించకూడదన్నది మా నియమం.

ఇక అభ్యాసం. ఎకోఆర్-1తో లాంబ్డాను కోస్తే వచ్చే ముక్కలు కిలోబేస్‌లలో 21.2, 7.4, 5.8, 5.6, 4.9, 3.5; అయితే మామూలు జెల్‌లో 5.8, 5.6 ఒకే మందపాటి గీతగా కనిపిస్తాయి. ఎక్స్‌హెచ్ఓ-1 ఒక్కటే వాడితే 33.5, 15.0 వస్తాయి. రెండూ కలిపితే 7.4 గీత మాయమై, 1.75 గీత కొత్తగా వస్తుంది, మందపాటి గీత ఇంకా మందమవుతుంది. మరో ఆధారం: లాంబ్డా రెండు చివరల్లో పరస్పరం అతుక్కునే 12 క్షారాల ఒంటిపోగు కొనలు ఉంటాయి. ఎకోఆర్-1తో కోసిన నమూనాను 65 డిగ్రీల వద్ద వేడిచేసి చల్లార్చి నడిపితే 3.5 గీత స్పష్టంగా వస్తుంది. వేడిచేయకుండా నడిపితే అది పలచబడి, 21.2 గీత పైన మరో గీత తేలుతుంది. ఎకోఆర్-1 ముక్కల వరుసను చెప్పండి.

సంకేతిక

నేను బయోఇన్ఫర్మాటిక్స్ రంగంలో పనిచేస్తున్నాను. చర్చ ఆసక్తిగా ఉంది కాని నాకొక అభ్యంతరం ఉంది. లాంబ్డా పూర్తి క్షారాల వరుసను సాంగర్ బృందం 1982లోనే ప్రచురించింది. ఈనాడు ఏ డీఎన్‌ఏ వరుసనైనా కంప్యూటరుకు అందిస్తే వందలాది ఎంజైముల కోత స్థానాలు క్షణంలో వస్తాయి. అలాంటప్పుడు విద్యార్థులు పొడవుల నుంచి వరుసను వెలికితీసే ఈ శ్రమను ఇంకా నేర్చుకోవడం అవసరమా?

జన్యులిపి

సంకేతిక గారూ, మీ అభ్యంతరంలో సగం నిజం ఉంది. కొత్త డీఎన్‌ఏకు పటం గీయడం కోసమే ఈ పద్ధతిని ఈరోజు ఎవరూ మొదలుపెట్టరు. కాని కంప్యూటరు చెప్పేది మన దగ్గర ఉండవలసిన డీఎన్‌ఏ గురించి. గొట్టంలో నిజంగా ఉన్న డీఎన్‌ఏ గురించి చెప్పేది జెల్. ఒక జన్యువును ప్లాస్మిడ్‌లో చేర్చినప్పుడు అది తిన్నగా చేరిందా, తలకిందులుగా చేరిందా అన్నది, జన్యువులో ఒక పక్కకు ఒరిగి ఉన్న ఒక్క కోత స్థానంతో ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది. మిథైల్ సంగతి అయితే మామూలు క్షారాల వరుసలో కనిపించనే కనిపించదు.

వరుస పోగొట్టుకోకుండా కోసే పద్ధతి కూడా వచ్చింది. డేవిడ్ ష్వార్ట్జ్ బృందం 1993లో ఈస్టు క్రోమోజోముల పొడవైన డీఎన్‌ఏ అణువులను సాగదీసి, అలాగే కదలకుండా ఉంచి ఎంజైముతో కోసి, సూక్ష్మదర్శినిలో ఖాళీలను చూసింది. ముక్కలు తమ చోటు వదలవు కనుక పొడవులతోపాటు వరుస కూడా నేరుగా తెలుస్తుంది. ఒకే వరుస పదే పదే వచ్చే ప్రాంతాల్లో చిన్న చిన్న క్షారాల వరుసలను జతచేయడం కష్టమైనప్పుడు ఇలాంటి పటమే దారి చూపుతుంది.

నాడి

నేను వైద్యుడిని. పటంలో ఒక్క స్థానం పోవడం కూడా ఎంత చెబుతుందో ఈ చర్చలో ప్రస్తావించాలని అనిపించింది. సికిల్ సెల్ వ్యాధి మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఎందరినో బాధిస్తోంది. హీమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువు ఆరో కోడాన్‌లో (మూడు క్షారాల గుంపులో) జీ-ఏ-జీ బదులు జీ-టీ-జీ రావడమే దానికి మూలం. ఎంఎస్‌టీ-2 అనే ఎంజైము సీ-సీ-టీ తరువాత ఏదో ఒక క్షారం, ఆపైన ఏ-జీ-జీ ఉన్న వరుసను గుర్తుపడుతుంది. మామూలు జన్యువులో సరిగ్గా అక్కడ సీ-సీ-టీ-జీ-ఏ-జీ-జీ ఉంటుంది. వ్యాధి జన్యువులో ఏ పోయి టీ రావడంతో ఆ స్థానం చెరిగిపోతుంది. మామూలు జన్యువు 1.15, 0.2 కిలోబేస్‌ల ముక్కలను ఇస్తే, వ్యాధి జన్యువు కోత పడక 1.35 కిలోబేస్‌ల ముక్కను ఇస్తుంది. వాహకుల్లో రెండు రకాలూ కనిపిస్తాయి.

అంతకు ముందే, 1978లో కాన్, డోజీ మరో దారిలో వెళ్లారు. హెచ్‌పీఏ-1తో కోస్తే బీటా గ్లోబిన్ జన్యువు ఉన్న ముక్క చాలామందిలో 7.6 కిలోబేస్‌లు ఉండగా, వారు పరీక్షించినవారిలో వ్యాధి జన్యువు తరచుగా 13 కిలోబేస్‌ల ముక్కతో కలిసి కనిపించింది. ఆ తేడా జన్యువు లోపలిది కాదు, పొరుగున ఉన్న కోత స్థానానిది. మనిషికీ మనిషికీ మధ్య కోత స్థానాల్లో ఉండే ఇలాంటి తేడాలను గుర్తులుగా పెట్టుకొని మానవ జన్యు పటమంతా గీయవచ్చునని 1980లో బోట్‌స్టీన్ తదితరులు ప్రతిపాదించారు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ అభివృద్ధి చేసిన డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికీ పునాది ఇదే: రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోసిన డీఎన్‌ఏను జెల్‌లో వేరుచేసి, కట్లపాము జాతి నుంచి లభించిన బీకేఎం అనే వరుసతో గుర్తించడం.

కృష్ణాతీరం

అగరోజ్ గారూ, మీ అభ్యాసాన్ని ఇలా సాధించాను. రెండు ఎంజైములూ కలిపినప్పుడు మందపాటి గీతను ఒక్కసారే లెక్కిస్తే 21.2, 5.7, 4.9, 3.5, 1.75 కలిపి సుమారు 37 వస్తుంది, 48.5కి ఇంకా 11.4 తక్కువ. అది 5.7కు సరిగ్గా రెట్టింపు. కనుక మందపాటి గీతలో మూడు ముక్కలున్నాయి, మూడోది 7.4లో 1.75 పోగా మిగిలిన 5.67. వేడిచేయని నమూనాలో 3.5 పలచబడి 21.2 పైన గీత వచ్చిందంటే అవి రెండూ అణువు చివరి ముక్కలు. 15.0 ముక్క చివర 21.2 ఇమడదు కాబట్టి అక్కడ ఉన్నది 3.5. ఎక్స్‌హెచ్ఓ-1 కోతకు ఆ వైపున 1.75 ఉంటే ఇంకా 9.75 కావాలి, మిగిలిన 5.8, 5.6, 4.9లలో ఏ ఒక్కటీ, ఏ రెండూ కలిపినా అది రాదు. 5.67 ఉంటే కావలసింది 5.8, అది దొరుకుతుంది. కనుక కుడివైపు వరుస 5.67, 5.8, 3.5. ఎడమవైపు 21.2తో మొదలై 1.75తో ముగుస్తుంది. కాని మధ్యలోని 4.9, 5.6లలో ఏది ముందో నాకు తేలలేదు. ఇంకొకటి, జెల్ మీద 5.8కి, 5.6కి తేడా పోల్చలేనప్పుడు కుడివైపున ఉన్నది 5.8 అని నిశ్చయంగా ఎలా చెప్పగలను?

అగరోజ్

చాలా బాగా సాధించారు. మీరు ఆగిన రెండు చోట్లా పొడవుల లెక్క నిజంగానే ఆగిపోతుంది, ఇంకో ప్రయోగం కావాలి.

రెండో సందేహానికి 15.0 ముక్కను జెల్ నుంచి కోసి, శుద్ధిచేసి, ఎకోఆర్-1, హిండ్-3 రెండింటితో కోయండి. 5.8 ముక్కను హిండ్-3 4.97, 0.83గా విడదీస్తుంది, 5.6 ముక్కను 4.27, 1.38గా విడదీస్తుంది. 0.83 కనిపిస్తే అక్కడున్నది 5.8 అని ఖాయం. ఒక ఎంజైము విడదీయలేని జంటను మరో ఎంజైము విడదీస్తుంది.

మొదటి సందేహానికి డానా, నాథన్స్ వాడిన అసంపూర్ణ కోతే మందు. లాంబ్డాను ముందుగా ఎక్స్‌హెచ్ఓ-1తో పూర్తిగా కోసి, తరువాత ఎకోఆర్-1ను రెట్టింపు చొప్పున పలచబరుస్తూ వరుసగా గొట్టాల్లో కలిపి, కొద్ది నిమిషాలకే ఈడీటీఏతో ఆపాలి. కొన్ని అణువుల్లో 1.75 ముక్క తన ఎడమ పొరుగుతో అతుక్కునే ఉంటుంది. ఆ పొరుగు 5.6 అయితే 7.39 గీత, 4.9 అయితే 6.63 గీత వస్తుంది. 21.2 వైపు నుంచి చూడబోతే 26.1కి, 26.9కి తేడా మామూలు జెల్‌లో తెలియదు. అందుకే చిన్న ముక్క ఉన్న వైపు నుంచే చూడాలి. అతుక్కున్న ముక్కల జంటలు ఇంకా వస్తాయి గాని 9.3, 10.5, 11.5 చోట్ల ఉంటాయి కనుక వీటితో కలవవు.

నడిపి చూస్తే వచ్చేది 7.39. అంటే వరుస 21.2, 4.9, 5.6, 7.4, 5.8, 3.5. మీ పటంలో ఎకోఆర్-1 కోతలు ఎడమ చివర నుంచి 21.2, 26.1, 31.7, 39.2, 45.0 కిలోబేస్‌ల దగ్గర, ఎక్స్‌హెచ్ఓ-1 కోత 33.5 దగ్గర పడతాయి. సంకేతిక గారు చెప్పిన 1982 నాటి వరుసలో ఎకోఆర్-1 కోతలు 21,226, 26,104, 31,747, 39,168, 44,972 దగ్గర ఉన్నాయి, పోల్చి చూసుకోండి. ఆరు అక్షరాల వరుస యాదృచ్ఛికంగా సగటున 4,096 క్షారాలకు ఒకసారి వస్తుందన్న లెక్కన లాంబ్డాలో పన్నెండు ఉండాలి, ఉన్నవి అయిదే. కనుక కొత్త డీఎన్‌ఏకు ఎంజైమును ఎంచుకునేటప్పుడు సగటును నమ్ముకోకుండా, నాలుగైదు ఎంజైములతో ఒక్కొక్కటిగా కోసి చూసి, రెండు నుంచి ఆరు ముక్కలు ఇచ్చేవాటితో మొదలుపెట్టండి.